టామీగాడి గోరు సంగతి

ఒరేయ్,

మీ కుక్క టామీగాడి కాలి గోరు విరిగిందన్న నీ ఉత్తరం చదివి ముందు కంగారు పడ్డాను, తర్వాత ఫోటో చూసి హమ్మయ్య అనుకున్నా. విరిగింది గోరు చివరే, వేలు కాదు. గోరు లోపల సన్న రక్తనాళం, దాంతోపాటే నరం ఉంటాయి కదా, అది తెగితే గదంతా మరకలే, పైగా కుక్క ఊరికే ఉండక అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి చెంబుడు రక్తం పోయినట్టు కనిపిస్తుంది. మళ్ళీ ఎప్పుడైనా అయితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకో, మధ్యమధ్యలో తీసి చూడకు, చూసినప్పుడల్లా గడ్డకట్టేది మళ్ళీ ఊడొస్తుంది. గోరు కొనకి కాస్త కార్న్‌ఫ్లోర్ అద్దినా ఆగుతుంది, కానీ అది గోరుకే, తెగిన చర్మం మీద వెయ్యకు. పది పదిహేను నిమిషాలు పట్టుకున్నా ఆగకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికే.

ఇప్పుడు కడగడం. కాచి చల్లార్చిన నీళ్ళు పావు లీటర్‌లో అర టీస్పూన్ ఉప్పు, అంతే. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏవీ వద్దు, మంటకి అది నిన్ను కరిచినా తప్పు దానిది కాదు, పైగా కొత్తగా వచ్చే చర్మం కూడా దెబ్బతింటుంది. బెటాడిన్ ఉంటే లేత టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపి వాడు. వేళ్ళ సందుల్లో కూడా చూడు, ముల్లో గాజు ముక్కో ఉండొచ్చు, పైనే ఉంటే తీసెయ్, లోతుగా దిగితే కెలకొద్దు.

నువ్వు అడిగిన పెయిన్ కిల్లర్ గురించి ఒకటే మాట, వద్దు. మనం వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్కకి కడుపులో పుండ్లు తెస్తుంది, కిడ్నీలు పాడుచేస్తుంది, పారాసిటమాల్ కూడా నీ అంతట నువ్వు ఇవ్వకు. అలాగే జింక్ ఉన్న క్రీములు పుయ్యకు, నాకి మింగేస్తుంది.

అసలు గొడవంతా ఆ నాకడం దగ్గరే రా. గాయం చిన్నదే, నాలుకే దాన్ని పెద్దది చేస్తుంది. నాకితే మానిపోతుందని ఎవరో చెప్పారన్నావు, నమ్మకు, రోజంతా నాకితే చర్మం నాని, పచ్చిగా అయ్యి చీము పడుతుంది. మెడకి కోన్ పెట్టు, అదే, నాకకుండా మెడ చుట్టూ తొడిగే గరాటు లాంటిది, మొహం వేలాడేసుకుని గోడలకి గుద్దుకుంటూ తిరుగుతుంది, నీకు జాలేస్తుంది, అయినా తియ్యకు.

కట్టు కట్టేటప్పుడు వేళ్ళ మధ్య కొంచెం దూది పెట్టు, కుక్కలకి చెమట పట్టేది పాదాల్లోనే కదా, లోపల తడి చేరుతుంది. మధ్య రెండు వేళ్ళ గోళ్ళు మాత్రం బయటికి కనపడేలా వదులు. ఎందుకంటే కట్టు బిగుతైతే వేళ్ళు వాచి ఆ రెండు గోళ్ళూ ఒకదానికొకటి దూరం జరుగుతాయి, అలా కనిపించిందంటే వెంటనే విప్పెయ్యాలి. రోజూ మార్చు, తడిస్తే అప్పటికప్పుడే. బయటికి తీసుకెళ్ళేటప్పుడు పైన ప్లాస్టిక్ కవర్ వెయ్యి కానీ ఇంట్లోకి రాగానే తీసెయ్, లేకపోతే లోపల ఉడికిపోతుంది.

రెండు రోజుల్లో కుంటడం తగ్గాలి. తగ్గకపోయినా, కాలు అసలు ఆనించకపోయినా, వాసన వచ్చినా, పాదం మెత్తలో చర్మం ఊడి వేలాడుతున్నా ఇంటి వైద్యం ఆపేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. చేత్తో తాకి ఒళ్ళు వేడిగా ఉందని మాత్రం జ్వరమనుకోకు, వాటికి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది.

అన్నట్టు ముందుకాలికి లోపలివైపు పైన ఒక గోరుంటుంది చూడు, నేలకి తగలదు కాబట్టి అరగదు, వంకర తిరిగి దేనికో ఒకదానికి చిక్కుకుంటుంది. టామీగాడు నిద్రపోతున్నప్పుడు అది ఎంత పెరిగిందో చూసి రాయి, కత్తిరించేముందు చెప్పు, నల్ల గోరైతే లోపలి నాళం కనపడదు, ఒక్కో చిన్న ముక్కే తియ్యాలి.

ఉంటా మరి.