ఆగస్టు 7న చేనేత కట్టుకుందాం

కాలనీ అక్కలకు, అన్నలకు నమస్కారం. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. దాని గుర్తుగా 2015 నుంచి ఆ రోజును చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ సాయంత్రం అందరూ చేనేత బట్టల్లో రండి.

కొత్తవి కొనక్కర్లేదు. బీరువాలో జేజి నాటి ధర్మవరం పట్టుచీర ఉంటే తీయండి. వెడల్పాటి అంచు, బరువైన జరీ చెరగు, వెలుతురును బట్టి మారే రెండు వన్నెలు! లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో ఉన్న డిజైన్లను మన నేతన్నలు ఈ చీరల మీదకు తెచ్చారు. పిల్లలకు ఆ అంచు చూపించి చెప్పండి. మగవాళ్లకు పంచె చాలు.

కొనేవాళ్లు చేనేత మార్కు చూసి కొనండి. పోయినేడు మరమగ్గం చీరను చేనేతంటే నమ్మి తీసుకున్నాను, ఆ బాధ ఇంకా పోలేదు.