ఆ రాత్రి నా క్యాబ్ ఎక్కిన అక్కకి

అక్కా, మీ పేరు కూడా గుర్తులేదు. ఆ రోజు స్టీరింగ్ పట్టి 14 గంటలైంది. ఇన్సెంటివ్‌కి ఇంకా 2 ట్రిప్పులు తక్కువ. అద్దం దించాను, పాటల సౌండ్ పెంచాను. నిద్ర వాటికి లొంగదు. కారు పక్క లైన్‌లోకి ఒరుగుతుంటే మీరే "అన్నా, పక్కకి ఆపండి" అన్నారు. క్యాన్సిల్ చేసి తక్కువ రేటింగ్ ఇస్తారేమోనని టెన్షన్ పడ్డాను. "ఓ 20 నిమిషాలు పడుకోండి, నాకేం తొందర లేదు" అన్నారు. ఫోన్ వెలుతురు నా మొహం మీద పడకుండా చేత్తో అడ్డుపెట్టుకుని కూర్చున్నారు.

ట్రిప్పు కోసం ఖాళీగా ఎదురుచూసిన గంటకి మాకు ఎవరూ లెక్క కట్టరు. అందుకే కళ్ళు మూతపడుతున్నా నడుపుతాం. ఆ రాత్రి నన్నూ, ఎదురుగా వచ్చేవాళ్ళనీ కాపాడారు. మీరు దిగేటప్పుడు సరిగ్గా థ్యాంక్స్ కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను అక్కా, నిండు మనసుతో.