గంతలు కట్టి చదివిస్తున్నారా? ఇలా పరీక్షించండి

సంపాదకులకు,

వేసవి సెలవులు వస్తే చాలు, మన సరిహద్దు ఊళ్లు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో పేపరు మడతలోంచి ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ కరపత్రం జారిపడుతుంది. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. మెదడులోని మిడ్‌బ్రెయిన్ అనే భాగాన్ని క్లాసులో ‘మేల్కొలిపితే’ పిల్లలు చూడకుండానే చదువుతారని అందులో ఉంటుంది. కళ్లకు గంతలు కట్టుకున్న పిల్ల కార్డు రంగు చెప్పేస్తుంది, పుస్తకం చదివేస్తుంది. ఫీజు మాత్రం వేలల్లో.

మిడ్‌బ్రెయిన్ అంటే మెదడు కాండం పైకొసన సుమారు 2 సెంటీమీటర్ల భాగం. కనుగుడ్లు కదలాలన్నా, చప్పుడు విని తల తిప్పాలన్నా, మెలకువగా ఉండాలన్నా దానితో పని. అందులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు నశిస్తే పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు వస్తుంది. పుట్టిన బిడ్డలోనే పనిచేస్తున్న భాగానికి కొత్తగా స్విచ్చి వేసేదేముంది? మెదడులో పది శాతమే వాడుతున్నామన్న మాటా అంతే, నిజం కాదు. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు, ఒళ్లు వాడే శక్తిలో దాదాపు 20 శాతం తినేస్తుంది.

మరి పిల్ల ఎలా చదువుతోంది? ముక్కు పక్క సందులోంచి. అందుకే గడ్డం కాస్త పైకెత్తి, కార్డును ఛాతీ దగ్గర కిందుగా పట్టుకుంటుంది. అదే కార్డును నుదుటి ఎత్తున పట్టి అడగండి, తడబడుతుంది.

సందు మూసినంత మాత్రాన సరిపోదు, జవాబు తెలిసినవారు తమకే తెలియకుండా సైగ ఇచ్చేయొచ్చు. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో నేలమీద కొట్టి లెక్కలకు జవాబు చెప్పేది. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే సైకాలజీ పరిశోధకుడు పరీక్షిస్తే, అడిగేవారికే జవాబు తెలియనప్పుడు అది తప్పింది. సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తల కొద్దిగా కదిలేది, గుర్రం అది చూసి ఆగేది. యజమానిది మోసం కాదు, తన తల కదులుతోందని ఆయనకే తెలియదు.

కనుక పరీక్ష ఇలా పెట్టండి. నాలుగు రంగుల కార్డులు, నాలుగు చీటీలు. పక్క గదిలో ఒకరు చీటీ తీసి, ఆ రంగు కార్డును కవరులో పెట్టి, రంగు కాగితం మీద రాసుకోవాలి. చీటీని మళ్లీ డబ్బాలో వేసి కలపాలి. పిల్ల గడ్డం కింద పెద్ద అట్ట అడ్డం పెట్టి, రెండో మనిషి అట్ట కిందే కవరులోంచి కార్డు తీసి ఒళ్లో పెట్టాలి. తీసేవారికీ రంగు కనబడకూడదు. క్లాసు చెప్పే సారు, అమ్మానాన్నలు బయటే ఉండాలి. 20 సార్లని ముందే అనుకుని, మధ్యలో ఆపకుండా, తప్పొప్పులు చెప్పకుండా నడపాలి. ఊరికే ఊహించినా సగటున 5 సరిపోతాయి, 7 వచ్చినా ఆశ్చర్యం లేదు. 10 గానీ అంతకుమించి గానీ రావడం నూటికి ఒకటి రెండు సార్లే. వస్తే మర్నాడు మళ్లీ పెట్టండి.

‘మా బాబుకు జ్ఞాపకశక్తి పెరిగింది’ అనేవారూ ఉంటారు. మార్కులు బాగా పడిపోయినప్పుడే కదా ఇలాంటి క్లాసుల్లో చేర్పిస్తాం! ఏ క్లాసూ లేకపోయినా అవి తర్వాతి పరీక్షలో కొంత కోలుకుంటాయి. ఒకే రకం పరీక్ష రెండోసారి రాస్తే అలవాటు వల్లే ఇంకొంత పెరుగుతాయి. నిజం తేలాలంటే 40 మంది పేర్లు చీటీలు వేసి, 20 మందిని ఇప్పుడు, మిగతావారిని నెల తర్వాత చేర్చుకోవాలి. ఆ నెలాఖరున అందరికీ ఒకే పరీక్ష. దిద్దేవారికి ఎవరు ఏ జట్టో తెలియకూడదు. ఇందుకు ఒప్పుకునే నిర్వాహకులు కనబడరు.

‘నమ్మకం లేనివాళ్ల ముందు శక్తి పనిచేయదు’ అంటే మాత్రం ఫీజు కట్టకండి.

ఇప్పటికే కట్టేసిన వారికి ఒక మాట. పరీక్ష ఇంట్లోనే, చుట్టాలు లేనప్పుడు పెట్టండి. ఫోనులో వీడియో తీయకండి. గంతల సందు దొరికిపోతే పిల్లను అబద్ధాలకోరని తిట్టకండి. కనబడలేదంటే సారుకు కోపం, కట్టిన ఫీజు దండగంటూ ఇంట్లో గొడవ. తొమ్మిదేళ్ల పిల్ల ఇంకేం చేస్తుంది?

ఇట్లు,
సైకాలజీ అధ్యాపకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా.