డ్రోన్ ముందు చెట్టును వెతకాలి

సంపాదకులకు నమస్కారం.

తొలకరి వస్తే డ్రోన్లతో విత్తన బంతులు చల్లే కార్యక్రమాలు మొదలవుతాయి. బోడిగుట్టల మీద వేప, కానుగ మొలిపించడానికి అది కొంత పనికిరావచ్చు. వెలిగొండల్లో అరుదైపోతున్న చెట్లకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. తంబజాలారినే తీసుకోండి. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు ఇది. సాల వృక్షాల కుటుంబంలోని ఇలాంటి చెట్ల గింజలు రాలిన కొద్ది రోజులకే మొలిచే శక్తి కోల్పోతాయి. మట్టి ఉండలో పెట్టి ఎండబెట్టి వానల దాకా దాస్తే లోపల మిగిలేది చచ్చిన గింజే. ఎర్రచందనం కాయ పెంకు గట్టిది, నానబెట్టకుండా విసిరితే చాలావరకు మొలవదు. ఉండల్లో సుబాబుల్ గింజలు కలిశాయంటే నష్టం ఇంకా ఎక్కువ. అది ఎదిగి పక్కనున్న అడవి మొక్కల చోటును ఆక్రమిస్తుంది. అసలు తల్లిచెట్లు ఎక్కడెక్కడ, ఎన్ని మిగిలాయో తెలియకుండా గింజ ఎక్కడి నుంచి తెస్తారు?

డ్రోన్‌కు ముందుగా అప్పగించవలసిన పని ఈ వెతుకులాటే. హవాయి దీవుల్లోని కవాయిలో నేషనల్ ట్రాపికల్ బొటానికల్ గార్డెన్ వారు మనిషి దిగలేని కొండచరియల మీద డ్రోన్ ఎగరేసి, అంతరించిపోయిందనుకున్న మందార కుటుంబపు మొక్క హిబిస్కాడెల్ఫస్ వుడియైను 2019లో మళ్లీ కనుగొన్నారు. ఆ తర్వాత డ్రోన్ కింద తాళ్లతో వేలాడే కత్తెర చేయిని అమర్చి, అరుదైన మొక్కల కొమ్మలు కత్తిరించి తెచ్చి నర్సరీలో పెంచారు. మన ఉదయగిరి దుర్గం, భైరవకోన, పెంచలకోన చుట్టూ కూడా మేకలు ఎక్కలేని, గొడ్డలి చేరని, కార్చిచ్చు తాకని నిలువు బండలున్నాయి. కింది వాలుల్లో కనిపించకుండా పోయిన మొక్క ఇంకా మిగిలి ఉంటే అక్కడే ఉండాలి.

ఈ పనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. 2 కిలోల లోపు బరువుండి, 20 మెగాపిక్సెల్ కెమెరా, ఒక అంగుళం సెన్సర్ ఉన్న మైక్రో డ్రోన్ సరిపోతుంది. వరికి మందు కొట్టే డ్రోన్ దీనికి పనికిరాదు. దాని రెక్కల గాలికి కొమ్మలు ఊగిపోతాయి, కెమెరా కూడా అంత స్పష్టంగా ఉండదు. వాటిని నడిపే శిక్షణ పొందిన యువకులను మాత్రం ఈ పనికి తీసుకోవచ్చు.

అలాంటి కెమెరాతో 30 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక్కో ఫొటో సుమారు 45 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు నేలను చూపిస్తుంది. ఒక్కో పిక్సెల్ (ఫొటోలోని ఒక చుక్క) నేల మీద 8 మిల్లీమీటర్లు. అంటే 5 సెంటీమీటర్ల ఆకు ఆరు పిక్సెళ్లే. చెట్టు ఆకారం, పూత రంగు తెలుస్తాయి కానీ ఆకును బట్టి జాతి చెప్పలేం. అందుకే మొదట 30 మీటర్ల నుంచి జల్లెడ పట్టి, అనుమానం ఉన్న చెట్ల దగ్గర 10 మీటర్లకు దిగి మళ్లీ తీయాలి. ముందు వెనుక ఫొటోలు 80 శాతం, పక్క వరుసలు 70 శాతం ఒకదానిమీద ఒకటి పడాలి. లెక్కన హెక్టారుకు సుమారు 125 ఫొటోలు. సెకనుకు 3 మీటర్ల వేగం మించకూడదు. షట్టర్ సెకనులో 800వ వంతు కన్నా నెమ్మదిగా ఉంటే ఆకుల అంచులు అలుక్కుపోతాయి. ఒక బ్యాటరీకి మూడు హెక్టార్లు అయితే గొప్పే.

ఎక్కువ మంది దెబ్బతినేది వాలు దగ్గర. బయలుదేరిన చోటు నుంచి ఒకే ఎత్తు పెట్టి పంపిస్తే డ్రోన్ ఎగువన చెట్ల కొనలకు తగులుతుంది, దిగువన 80 మీటర్ల పైనుంచి పనికిరాని ఫొటోలు తీస్తుంది. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల పటాల్లో పొరపాటు కొన్ని మీటర్లు ఉంటుంది. కనుక ముందు 100 మీటర్ల పైనుంచి ఒకసారి ఎగరేసి, వెబ్‌ఓడీఎం లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సొంత ఎత్తుల పటం చేసుకుని, దాన్ని బట్టే కింది ప్రయాణం గీయాలి. నిలువు బండ దగ్గర జీపీఎస్ తప్పుదోవ పట్టిస్తుంది. సిగ్నల్ పోతే బయలుదేరిన చోటికి తనంతట తాను తిరిగొచ్చే ఎత్తును కొండ అంచు కన్నా పైన పెట్టకపోతే డ్రోన్ తిన్నగా వచ్చి రాతిని గుద్దుకుంటుంది.

వేళ ఉదయం 7 నుంచి 9 వరకు. మన వైపు కొండ ముఖం తూర్పుకు ఉంటుంది కాబట్టి అప్పుడు వెలుగు నేరుగా పడుతుంది. ఎండ ముదిరాక బండ వేడికి గాలి పైకి తన్నుతుంది, మధ్యాహ్నం పడమటి గాలి చేరితే నిలబెట్టలేం. కొండతేనె పట్టులు వేలాడే చోట్లకు దూరం జరగాలి. ఈగ లేస్తే కింద గుడికి వచ్చిన భక్తులకు ప్రమాదం. ఆ పట్టులెక్కడున్నాయో యానాదులకు, చెంచులకు తెలుసు. ఏ లోయలో ఏ చెట్టుందో కూడా వాళ్లకే ఎక్కువ తెలుసు. వారిని కూలీలుగా కాక నిపుణులుగా లెక్కగట్టి జీతమివ్వాలి.

డ్రోన్ చూడలేనిదీ ఉంది. పొదల కింద అల్లుకునే మారేడుగడ్డల తీగ, గడ్డిలో కలిసిపోయే మందుమొక్కలు పైనుంచి కనబడవు. వాటికి నడకే దారి.

అనుమతుల సంగతి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎగరడానికి ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ఎగరేయవచ్చు. కానీ పెనుశిల నరసింహ అభయారణ్యం లాంటి చోట 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. డ్రోన్ జోన్లు చూపే ప్రభుత్వ పటం డిజిటల్ స్కైలో పచ్చరంగు కనిపించింది కదా అని అడవిలోకి వెళ్లకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది గోప్యత. ప్రతి ఫొటోలోనూ అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి. ఎర్రచందనం దొంగలకు అంతకన్నా మంచి పటం దొరకదు. పత్రికలకు, వాట్సాప్‌కు వెళ్లే ఫొటోల నుంచి ఆ వివరాలు తీసేయాలి. అసలు పటం అటవీ అధికారి దగ్గర, నిర్ధారించే వృక్షశాస్త్రవేత్తల దగ్గర మాత్రమే ఉండాలి.

విత్తన బంతులకు పెట్టే ఖర్చులో కొంత ఈ వేసవిలోనే ఉదయగిరి, భైరవకోన చరియల సర్వేకు మళ్లించాలని ఆ ప్రాంతాల అటవీ అధికారులను కోరుతున్నాం. దొరికిన తల్లిచెట్లకు నంబర్లు వేసి, కాయ పండే వారం కనిపెట్టి, తంబజాలారి గింజలనైతే ఏరిన రోజు సాయంత్రానికే నర్సరీ మడిలో వేయించాలి.

ఇట్లు,
వృక్షశాస్త్ర అధ్యాపకులు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా