పుట్టుకతోనే చూపు లేని ఫెర్రెట్ పిల్లను ఆరోగ్యంగా ఉందని అమ్మారు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అమలాపురం నుంచి రాస్తున్నాను. మీ దగ్గర కొన్న ఫెర్రెట్ (ముంగిసలా ఉండే చిన్న పెంపుడు జంతువు) పిల్లకి రెండు కళ్లూ కనిపించవు. ఫోన్‌లో మీ సిబ్బంది చెప్పిన సమాధానం ఒప్పుకునేలా లేదు. బిల్లు, మీరిచ్చిన హెల్త్ సర్టిఫికెట్, డాక్టర్ల రిపోర్టు జతచేశాను.

"కోనసీమ వాళ్లు కదా, చేపలు పెట్టి ఉంటారు, అందుకే కంట్లో పొర వచ్చింది" అన్నారు మీవాళ్లు. మేము పెట్టింది మీరు అమ్మిన మేతే. తిండి తేడాతో శుక్లం వచ్చిందనే అనుకుందాం, కనుగుడ్డు కూడా చిన్నదైపోతుందా? గన్నవరం పశువైద్య కళాశాలలో చూపించాం. రెండు కనుగుడ్లూ ఉండాల్సిన సైజులో లేవు. దీన్ని మైక్రోఫ్తాల్మియా అంటారట. కంటి కటకం తెల్లగా మూసుకుపోయింది. స్కానింగ్‌లో లోపలి భాగాలు కూడా సరిగా ఏర్పడలేదని తేలింది కాబట్టి, శుక్లం ఆపరేషన్ చేసినా చూపు వస్తుందన్న ఆశ లేదన్నారు. ఇది తల్లి కడుపులోనే వచ్చిన లోపం.

ఫెర్రెట్ పిల్లలు పుట్టిన నాలుగైదు వారాలకి కళ్లు తెరుస్తాయి. అంటే ఇది కళ్లు తెరిచింది మీ దగ్గరే. రోజూ చేతుల్లోకి తీసుకుని పెంచినవాళ్లకి ఆ చిన్న తెల్లటి కళ్లు కనపడలేదంటే నేను నమ్మను. కొనేముందు మీరు పంపిన ఫొటోలు మళ్లీ తీసి చూశాం. అన్నిట్లోనూ నిద్రపోతూనే ఉంది!

ఫెర్రెట్లు చూపు కంటే వాసన, చప్పుడు మీదే ఎక్కువ ఆధారపడతాయి. సామాను కదపకపోతే ఇల్లంతా హాయిగా తిరిగేస్తుంది. సంక్రాంతికి మంచాలు జరిపినప్పుడు ప్రతిదానికీ గుద్దుకుంటుంటే అప్పుడు బయటపడింది. మా పెరటి వెనకే పంట కాలువ ఉంది. తలుపు తీసి ఉంటే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

"వెనక్కి పంపండి, ఇంకోటి ఇస్తాం" అన్నారు. పంపం. మా అమ్మాయి గొంతు వినగానే పరిగెత్తుకొచ్చే ప్రాణిని మార్చుకోవడానికి అదేమైనా మిక్సీయా? వెనక్కి వస్తే దాన్ని ఏం చేస్తారో కూడా మీవాళ్లు చెప్పలేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది. ఫెర్రెట్లలో ఈ లోపం వంశపారంపర్యంగా కూడా వస్తుంది. అందులో ఒక రకానికి తల్లి, తండ్రిలో ఒక్కరి నుంచి వచ్చిన జన్యువు చాలు, పుట్టే పిల్లల్లో సగానికి ఆ లోపం వచ్చే అవకాశం ఉంటుంది. కాబట్టి ఆ జంటతో ఇక పిల్లల్ని పెట్టించకండి. వాటికి కంటి పరీక్ష చేయించి రిపోర్టు పంపండి. ఇదే ఈతలోని మిగతా పిల్లల్ని కొన్నవాళ్లకీ తెలియజేయండి. వాళ్లింట్లోనూ ఇలాంటిదే ఉండొచ్చు.

పిల్లకి మేము కట్టిన ధర, పరీక్షల ఖర్చు తిరిగి ఇవ్వండి. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో మీరు నమోదై ఉండాలి. బిల్లు మీద ఆ నంబరు లేదు, అదీ తెలపండి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
అమలాపురం