వోలటైల్ అన్నిచోట్లా ‘అస్థిరం’ కాదు

సంపాదకులకు నమస్కారం.

మార్కెట్ వార్తల్లోనైనా, రసాయన కర్మాగారాల ప్రమాద వార్తల్లోనైనా ‘వోలటైల్’ అనే ఆంగ్లపదం ఎదురైతే చాలు, ‘అస్థిరం’ అని రాసి ముందుకు సాగడం తెలుగు పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. ఒకచోట పాఠకుడి పొదుపు, మరొకచోట అతని ప్రాణం ఆ మాటతో ముడిపడి ఉన్నాయి కనుక ఈ విషయం మీ దృష్టికి తెస్తున్నాను.

ఎగరడం అనే అర్థం గల లాటిన్ క్రియ నుంచి పుట్టిన పదమిది. మూత సరిగా పెట్టని సీసాలోని స్పిరిట్, డబ్బాలోని కర్పూరం ‘ఎగిరిపోయాయి’ అని మన ఇళ్లలో చెప్పుకునేది ఈ గుణం గురించే. పాఠ్యపుస్తకాలు దీనిని బాష్పశీలత అంటాయి. అస్థిరత వేరు. పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది గానీ మామూలు ఉష్ణోగ్రత వద్ద తనంతట తాను విచ్ఛిన్నం కాదు. నైట్రోగ్లిసరిన్ చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది గానీ చిన్న కుదుపుకే పేలిపోగలదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకై కనీసం 12 మందిని బలిగొన్న స్టైరీన్‌లో (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవ రసాయనం) ఈ రెండు గుణాలూ ఉన్నాయి. చల్లదనం తప్పినా, నిరోధక రసాయనం చాలకపోయినా దాని అణువులు వాటంతట అవే గొలుసులుగా కలుస్తూ వేడిని పుట్టిస్తాయి, అది అస్థిరత. ఆ వేడికి ద్రవం ఆవిరై బయటికి రావడం బాష్పశీలత. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారుగా పాకుతుంది. మొదటి గుణాన్ని కనిపెట్టి ఉండవలసింది ట్యాంకు నిర్వహించేవారు. రెండోది తెలియవలసింది కర్మాగారం గోడ పక్కన నిద్రించే జనానికి. ఇద్దరికీ కలిపి ఒకే మాట వాడితే జనానికి చేరవలసిన హెచ్చరిక చేరదు.

మార్కెట్ సంగతి మరోలా ఉంది. అక్కడ వోలటాలిటీ అంటే ధరలు తమ సగటు కదలిక నుంచి ఎంత దూరం చెదిరాయో చెప్పే గణాంకం; పెరుగుదల కూడా అందులో లెక్కకు వస్తుంది. 2024 జూన్ 3న సెన్సెక్స్ సుమారు 2,500 పాయింట్లు పెరిగింది, ఎన్నికల ఫలితాలు వెలువడిన 4న దాదాపు 4,390 పాయింట్లు పడింది, 5న మళ్లీ 2,300 పాయింట్లు లేచింది. ఈ మూడు రోజులూ వోలటాలిటీ కిందికే వస్తాయి. అదే, రోజూ కొద్దికొద్దిగా ఒకే తీరున దిగజారే షేరులో వోలటాలిటీ స్వల్పం, మదుపరి నష్టం మాత్రం భారీ. ‘అస్థిరత తక్కువ’ అని చదివి అది భద్రమైన పెట్టుబడి అనుకునే చిన్న మదుపరికి ఈ తేడా ఎవరు చెప్పాలి? ‘ఒడిదుడుకులు’ అనే చక్కని మాట మనకు ఉండనే ఉంది; ఎక్కడమూ దిగడమూ రెండూ అందులో వినిపిస్తాయి.

ఇండియా విక్స్ విషయంలో మరింత వివరణ అవసరం. నిఫ్టీ ఆప్షన్ల (నిఫ్టీ షేర్ల సూచీని ముందే ఖాయం చేసుకున్న స్థాయిలో కొనే లేదా అమ్మే హక్కుల) ధరల నుంచి లెక్కించే ఈ సూచీ, రాబోయే 30 రోజులలో మార్కెట్ ఆశిస్తున్న కదలికను వార్షిక శాతంగా చూపుతుంది. అది 18 వద్ద ఉంటే, నెల రోజులలో నిఫ్టీ పైకి గానీ కిందికి గానీ 5 శాతం మేర కదలవచ్చునని, ఆ పరిధిలోనే ఉండే అవకాశం సుమారు మూడింట రెండు వంతులని స్థూలంగా అర్థం. పడిపోతుందన్న జోస్యం అందులో లేదు.

కంప్యూటర్ల వార్తల్లో విద్యుత్తు పోగానే చెరిగిపోయే మెమరీకి, శాంతిభద్రతల వార్తల్లో ఏ క్షణాన ఎటు తిరుగుతుందో తెలియని పరిస్థితికి కూడా ఈ ఆంగ్లపదమే వాడతారు. రెండోదానికి ‘ఉద్రిక్తం’ అని మీరు ఇప్పటికే సరిగ్గా రాస్తున్నారు. అదే శ్రద్ధతో రసాయనాలకు ‘త్వరగా ఆవిరయ్యే’ అని, ధరలకు ‘ఒడిదుడుకులు’ అని రాయాలని, విక్స్ అంకె ప్రచురించిన రోజున దాని అర్థం ఒక వాక్యంలో పక్కనే ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం