సిరోంచ బడుల గురించి, మోటార్లు బాగుచేసే చదువు గురించి మంత్రులకు బహిరంగ లేఖ

మహారాష్ట్ర పాఠశాల విద్య, నైపుణ్యాభివృద్ధి శాఖల మంత్రులకు నమస్కారం.

గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో చాలా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ. పిల్లలకు మరాఠీ బాగా రావాలి, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఒకటో తరగతి పిల్లకు కూడిక బుర్రకెక్కేది ఇంటి భాషలోనే. భాషాపరంగా తక్కువమంది ఉన్న వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం కూడా చెబుతోంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. అభివృద్ధి ప్రణాళిక రాయాల్సిందీ ఆ కమిటీయే. ఆ ప్రణాళికలో తరగతివారీగా పిల్లల సంఖ్య ఉంటుంది, ఇంటి భాషకు గడి ఉండదు. ఆ గడి లేకపోతే తెలుగు వచ్చిన టీచరు ఎందరు కావాలో పైవాళ్లకు తెలిసే దారే లేదు. ఆ గడి చేర్చండి. సంతకాలకు ముందు ప్రణాళికను తెలుగులో చదివి వినిపించమనండి.

ఇక ఐటీఐ. ఇక్కడ పత్తి, మిర్చి, వరి చేలల్లో మోటార్లు కాలిపోతుంటాయి. ఓల్టేజి పడిపోతే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, వైండింగ్ (లోపల చుట్టిన రాగి తీగ) వేడెక్కి, దాని మీది ఇన్సులేషన్ పూత మాడిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అంతే. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు పిల్లలు పాత డెమో మోటార్లకు బదులు రైతుల ఈ కాలిన మోటార్ల మీదే చెయ్యి తిప్పుకోవాలి.

పాత కాయిళ్లు కోసేముందే స్లాట్లు (కాయిళ్లు కూర్చునే గాళ్లు) ఎన్నో, ఒక్కో కాయిల్‌కు చుట్లు, తీగ గేజి (మందం), పిచ్ (కాయిల్ రెండు వైపుల మధ్య ఎన్ని స్లాట్ల దూరమో), కనెక్షన్ రాసుకోవాలి. కోసి పారేశాక లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు. చుట్లు తగ్గితే మోటారు మళ్లీ వేడెక్కుతుంది. వార్నిష్ పోశాక ఓవెన్‌లో పూర్తిగా ఆరనివ్వాలి. వానాకాలంలో తొందరపడితే తేమ లోపలే ఉండిపోతుంది. చివరికి 500 ఓల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరంతో) వైండింగ్‌కూ బాడీకీ మధ్య చూస్తే కనీసం 1 మెగ్‌ఓమ్ రావాలి. రాకపోతే మోటారును రైతుకు ఇవ్వకూడదు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతులకు చెప్పిన, పుస్తకాల సంచి లేకుండా బడికి వచ్చే పది రోజుల్లో కొన్నిటిని పిల్లలను ఈ ఐటీఐ వర్క్‌షాపులోనే గడపనివ్వండి.

ఒక్క జాగ్రత్త. కాలిన రాగిని రైతు ముందే తూచి రైతుకే ఇచ్చేలా, కొత్త తీగ ఖర్చుకు రసీదు ఇచ్చేలా ఉత్తర్వులోనే రాయండి. రాగి ఎటు పోయిందో తెలియకపోతే మరో రైతు మోటారు తీసుకురాడు.

ఇట్లు,
సిరోంచ తాలూకా తల్లిదండ్రులు, వైండింగ్ పనివారు